అట్టపెట్టెకు తిరుగు టికెట్

ఓడ నిండా సరుకొస్తుంది. సరుకు అమ్ముడవుతుంది. పెట్టె మిగిలిపోతుంది. అండమాన్ దీవుల్లో ఆ పెట్టె మళ్లీ ఓడ ఎక్కాలంటే దాన్ని నొక్కి, కట్టి, బేలుగా మార్చే ప్రెస్ కావాలి. కొత్తది కొనలేని గోదాముదారు సెకండ్ హ్యాండ్‌లో ఏం చూడాలి? ఏం అడగాలి? ఎక్కడ నమ్మాలి, ఎక్కడ నమ్మకూడదు?

పోర్ట్‌బ్లెయిర్‌లోని హడ్డో రేవులో కంటైనరు తలుపు తెరవగానే ముందు కనిపించేది అట్టపెట్టె. బిస్కెట్లు, సబ్బులు, మందులు, నూనె ప్యాకెట్లు, ఫ్యాన్లు, చెప్పులు, చిన్నపిల్లల పాలడబ్బాలు... చెన్నై నుంచో, కోల్‌కతా నుంచో, మన విశాఖపట్నం నుంచో సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి వచ్చిన సరుకులో చాలాభాగం ఆ పెట్టెల్లోనే ఉంటుంది. హమాలీలు దించుతారు. లారీలు ఊళ్లోని గోదాములకు చేరుస్తాయి. రెండు మూడు రోజుల్లో సరుకు అబెర్డీన్ బజారు కొట్లలో అరలెక్కుతుంది. ఖాళీ పెట్టెలు గోదాము వెనక గోడకు ఆనుకుని గుట్టపడతాయి.

ఆ రాత్రి వాన కురుస్తుంది. దీవుల్లో మే నుంచి డిసెంబరు దాకా వానల కాలమే. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్లు, అంటే విశాఖలో పడేదానికి రెండున్నర రెట్లకు పైమాట. తెల్లారేసరికి అట్ట నాని ముద్దవుతుంది. ముద్దయిన అట్టను కబాడీవాలా ముట్టుకోడు. దాని కింద నీళ్లు నిలిచి దోమలు ముసురుతాయి. జపనీయుల ఏలుబడి నాటినుంచి దీవుల్లో పాతుకుపోయిన ఆఫ్రికా నత్తలు ఆ చెమ్మలోనే కాపురం పెడతాయి. ఆ పెట్టెలిక బ్రూక్షాబాద్ చెత్త యార్డుకు చేరాలి, లేదా ఎవరో అగ్గిపుల్ల గీయాలి. బహిరంగంగా తగలబెట్టడాన్ని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు నిషేధించాయి. అయినా గోదాము వెనక సందుల్లో ఆ పొగ వాసన ఎరగనివారు తక్కువ.

2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురంగా పిలుస్తున్న పోర్ట్‌బ్లెయిర్‌లో ఇది తెలుగువారి ఇంటి సమస్య కూడా. 2011 జనాభా లెక్కల్లో దీవుల జనం 3.8 లక్షలు. వారిలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు, కూలిపనికి, వ్యాపారానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలవి. రేవులో మూట మోసేవారిలో, బజారులో కొట్టు నడిపేవారిలో మనవాళ్లుంటారు. పెట్టె దించేదీ, విప్పేదీ, దాన్ని ఏం చేయాలో తోచక నిలబడేదీ మనవాళ్లే.

వచ్చేటప్పుడు సరుకు, వెళ్లేటప్పుడు గాలి

చాతం దీవిలో 1883 నుంచి రంపపు మిల్లు ఉంది. అప్పట్లో అండమాన్ పడౌక్ కలప దుంగలై, పలకలై ఓడలెక్కి వెళ్లేది. ఇప్పుడు వరస మారింది. బియ్యం నుంచి బల్బు దాకా బయటి నుంచి రావాలి. తిరిగి వెళ్లేది వక్కలు, కొబ్బరి, పాత ఇనుము లాంటి కొద్దిపాటి సరుకే. అట్టపెట్టె కూడా కలపే కదా. చెట్టు గుజ్జయి, కాగితమై, పెట్టెయి దీవికొచ్చింది. అది తిరిగి మిల్లుకు వెళితే మళ్లీ పెట్టె అవుతుంది. అడ్డం పడుతున్నది దానిలోపలి గాలి.

లెక్క చూడండి. 20 అడుగుల కంటైనరులో జాగా దాదాపు 33 ఘనపు మీటర్లు. విప్పి పలకలుగా పరిచిన అట్ట ఘనపు మీటరుకు సుమారు 60 కిలోలు తూగుతుంది. కాబట్టి కంటైనరును కిక్కిరిసేలా నింపినా 2 టన్నులు దాటదు. అదే అట్టను ప్రెస్‌లో నొక్కి కడితే ఘనపు మీటరుకు 300 నుంచి 500 కిలోల దాకా వస్తుంది. బేళ్ల మధ్య సందులు తీసేసినా అదే కంటైనరులో 9, 10 టన్నులు పడతాయి. ఓడ కిరాయి కంటైనరుకు ఇంత అని కడతాం కాబట్టి, అయిదు కంటైనర్ల కిరాయి ఒక్కదానికి దిగుతుంది. మిల్లు ఇచ్చే ధర కిరాయికే చాలని చోట, కిరాయి పోను నాలుగు రూపాయలు మిగలాలంటే ఈ నొక్కుడు తప్పదు.

పత్తి ఎరిగిన ఆదోని, గుంటూరు, వరంగల్ వాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. గింజ తీసిన దూదిని అలాగే లారీకెత్తితే లారీ నిండుతుంది, కాటా కదలదు. అందుకే ప్రెస్‌లో 170 కిలోల బేలుగా బిగిస్తారు. అట్టకు వాడే ప్రెస్ ఆ కుటుంబంలో చిన్నది. ఇనుప గది, పైనుంచి దిగే బరువైన ప్లేటు, దాన్ని తోసే హైడ్రాలిక్ సిలిండరు, నూనెను నెట్టే పంపు, మోటారు. గది నింపి నొక్కాలి, మళ్లీ నింపి మళ్లీ నొక్కాలి. నిండాక తీగతోనో, పట్టీతోనో కట్టి బయటికి దొర్లించాలి. ఇంతే పని.

ముందు మిల్లుతో మాట్లాడండి

చాలామంది యంత్రం దగ్గర మొదలుపెడతారు. “తక్కువలో వస్తోంది, పట్టుకొచ్చేద్దాం” అనుకుంటారు. దీవిలో ఉన్నవాళ్లు దారిని అటు చివరి నుంచి వెనక్కి నడవాలి. మొదట మిల్లు, తర్వాత ఓడ, ఆ తర్వాత జెట్టీ, అప్పుడు గోదాము, చివర్లో యంత్రం.

కోస్తాలోనో తమిళనాడులోనో పాత అట్ట కొనే మిల్లును, లేదా దానికి సరుకు చేరవేసే వ్యాపారిని ముందుగా పట్టుకోవాలి. బేలు కొలత ఎంత ఉండాలి, కనీసం ఎంత బరువుండాలి, తీగ కట్టు కావాలా, ప్లాస్టిక్ పట్టీ సరిపోతుందా, చెమ్మ ఎంతవరకు ఒప్పుకుంటారు, ఇవన్నీ కాగితం మీద రాయించుకోవాలి. సాధారణంగా నూటికి 10, 12 పాళ్లకు మించి చెమ్మ ఉంటే మిల్లులు తూకంలో కోత పెడతాయి, లేదా లారీని వెనక్కి పంపుతాయి. భూమ్మీద లారీ వెనక్కి వస్తే ఒక రోజు పోతుంది. సముద్రం దాటిన కంటైనరు వెనక్కి వస్తే ఆ ఏడాది లాభమే పోతుంది.

తర్వాత ఓడ, జెట్టీ. రేవులో క్రేన్లు, ఫోర్క్‌లిఫ్టులు ఉంటాయి కాబట్టి అక్కడ 300 కిలోల బేలు ఎక్కించవచ్చు. స్వరాజ్ ద్వీప్‌లోనో, షహీద్ ద్వీప్‌లోనో ఉన్న హోటలు సంగతి వేరు. అక్కడ బేలు మనుషుల చేతుల మీదుగా పడవెక్కాలి. ఇద్దరు దొర్లించగలిగే 50, 60 కిలోల బేలే ఆ జెట్టీకి తగినది. జెట్టీ మీద ఎత్తలేని బేలును ఎంత గట్టిగా కట్టినా అది దీవిలోనే ఉండిపోతుంది.

ఎంత పెద్దది కావాలి?

ఒక వారం పాటు కాటా పెట్టి తూచండి. రోజుకు 200 పెట్టెలు ఖాళీ అవుతున్నాయనుకుందాం. ఒక్కోటి అరకిలో చొప్పున 100 కిలోలు. అంటే రోజుకు ఒక మధ్యరకం బేలు. ఇంతమాత్రానికి నిలువు ప్రెస్, అంటే ప్లేటు పైనుంచి కిందికి దిగే రకం, ధారాళంగా చాలుతుంది. పక్కనుంచి నెట్టుకుంటూ, తనే తీగ చుట్టుకునే పెద్ద అడ్డ ప్రెస్ రోజుకు చాలా టన్నులు పడే చోటికి. చవగ్గా వచ్చిందని అది తెస్తే కరెంటు తింటుంది, జాగా తింటుంది, నింపే సరుకు లేక ఖాళీగా నిలబడుతుంది. పండగ ముందు వారాల్లో సరుకు రెట్టింపు వచ్చినా నిలువు ప్రెస్‌ను ఇంకో గంట నడిపితే సరిపోతుంది.

అమ్మేవారు ముందుగా చెప్పే మాట టన్నులు. “30 టన్నుల ప్రెస్ సార్” అంటారు. దాన్ని అక్కడికక్కడే లెక్క కట్టవచ్చు. సిలిండరు లోపలి అడ్డకొలత 10 సెంటీమీటర్లయితే దాని విస్తీర్ణం 78 చదరపు సెంటీమీటర్లు. గేజి మీద చదరపు సెంటీమీటరుకు 150 కిలోలు చూపిస్తే, 78ని 150తో గుణించండి. 11,700 కిలోలు, అంటే 12 టన్నుల లోపు. పలక మీద 30 అని రాసి ఉన్నా ఆ సిలిండరుతో, ఆ వత్తిడితో 30 రాదు.

ఆ 12 టన్నులు ఎంత వెడల్పు మీద పడుతున్నాయన్నది కూడా చూడాలి. మీటరు పొడవు, 70 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న గదిలో అది చదరపు సెంటీమీటరుకు 1.7 కిలోలకు పంచుకుపోతుంది. గది ఇంకా పెద్దదైతే నొక్కుడు ఇంకా పల్చబడి బేలు వదులుగా వస్తుంది. టన్నుల అంకె ఒక్కటే చూసి మురిసిపోతే మోసపోయేది ఇక్కడే.

పాత యంత్రం ముందు నిలబడి

వాడిన ప్రెస్ కొనడంలో చిన్నతనమేమీ లేదు. మందపాటి ఇనుముతో చేసిన యంత్రం, నూనె మారుస్తూ జాగ్రత్తగా నడిపితే చాలా ఏళ్లు పనిచేస్తుంది. గోదాము మూతపడో, పెద్దది కొనుక్కునో, మంచి స్థితిలో ఉన్నదాన్ని వదిలించుకునేవారూ ఉంటారు. ఫొటోలు చూసి, ఫోన్లో బేరమాడి బయానా పంపడం మాత్రం దీవివాసికి తగదు. ఓడో విమానమో ఎక్కి వెళ్లి, నాలుగు గంటలు దాని ముందు నిలబడాలి. వెంట హైడ్రాలిక్ పని తెలిసిన మెకానిక్ ఉండాలి. వెళ్లేముందు ఒకటే షరతు: నేను వచ్చేదాకా యంత్రాన్ని స్టార్ట్ చేయకండి. చల్లగా ఉన్న యంత్రం మొదటిసారి ఎలా లేస్తుందో చూస్తే దాని ఆరోగ్యం సగం తెలుస్తుంది.

కరెంటు ఆపి, ప్లేటు కదలకుండా దన్ను పెట్టాక సిలిండరు కడ్డీ చూడండి. అద్దంలా మెరవాలి. గోటితో పొడవునా గీయండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ గీత ఉన్నట్టు. ఆ గీత కొత్త సీలునైనా కొన్నాళ్లలో కోసేస్తుంది. “సీలు మార్చాం సార్, ఇక ఢోకా లేదు” అన్న మాటకు అప్పుడు విలువ లేదు. బాగుచేయాల్సింది కడ్డీని.

తర్వాత నూనె. కొంచెం గాజు సీసాలోకి తీయించండి. తేనె రంగులో తేటగా ఉంటే మంచిది. పాలు కలిపినట్టు తెల్లబారితే లోపల నీరు చేరింది. నల్లబడి మాడు వాసన వస్తే యంత్రం వేడెక్కి వేడెక్కి నడిచింది. నిన్ననే పోసిన కొత్త నూనె కనబడితే పాతది ఎందుకు తీశారో అడగండి.

ఇక నడిపించండి. ఖాళీ గదిలో ప్లేటు దించి లేపి చూపిస్తే ఒప్పుకోవద్దు. గది నిండా అట్ట వేయించి పూర్తి వత్తిడికి తేవాలి. గేజి ముల్లు ఎంతదాకా వెళ్లింది, పంపు ఆగాక ఎంత వేగంగా పడింది రాసుకోండి. ముల్లు జారుతూ పోతుంటే సీలో, వాల్వో కారుతున్నట్టు. ప్లేటును పైకి లేపి, కరెంటు ఆపి, పక్కన సుద్దతో గీత పెట్టి అరగంట టీ తాగి రండి. ప్లేటు గీత దాటి దిగితే ఆ యంత్రం కింద చెయ్యి పెట్టే మనిషి గురించి ఆలోచించాలి.

ఒక బేలు పూర్తిగా కట్టించి బయటికి తీయించడం అసలు పరీక్ష. ప్లేటు లేచినప్పుడు అట్ట పైకి ఉబుకుతుంది. దాన్ని పట్టి ఉంచే ఇనుప పళ్లు గది గోడలకు ఉంటాయి. అవి అరిగితే ప్రతి నొక్కుడూ సగం వృథా. తీగ దూర్చే గాళ్లు పైనా కిందా ఒకే వరసలో ఉండాలి. తలుపు గడియ ఒక్కసారిగా ఊడకుండా నెమ్మదిగా వదులయ్యే రకం కావాలి, ఎందుకంటే లోపలి బేలు తలుపును బయటికి తోస్తూ ఉంటుంది. బేలును దొర్లించే గొలుసు పనిచేయకపోతే రోజూ గడ్డపారతో పెకలించాల్సి వస్తుంది.

చివరిగా ఒళ్లంతా తడమండి. తలుపు మడతల దగ్గర, సిలిండరు కూర్చున్న అడ్డదూలం దగ్గర వెల్డింగు మీద వెంట్రుకలాంటి పగులు ఉందేమో టార్చి వేసి చూడండి. కొత్త రంగు మెరుస్తుంటే కింది భాగాన్ని సుత్తితో తట్టండి. మొద్దు శబ్దం వస్తే లోపల తుప్పు తిన్నది. అడుగు రేకు ఎంత పల్చబడిందో కొలిపించండి.

ఉప్పుగాలి పెట్టే పరీక్ష

పైన చెప్పినవి ఎక్కడైనా చూడాల్సినవే. దీవిలో ఇంకా కొన్ని కలుస్తాయి.

మొదటిది కరెంటు. మన త్రీఫేజ్ సరఫరా 415 వోల్టులు, 50 హెర్ట్జ్. విదేశాల నుంచి వచ్చిన పాత యంత్రాల్లో కొన్నింటికి 60 హెర్ట్జ్ మోటార్లు ఉంటాయి. ఇక్కడ అవి ఆరోవంతు నెమ్మదిగా తిరుగుతాయి, పంపు అంత తక్కువ నూనె తోస్తుంది, మోటారు వేడెక్కే ప్రమాదమూ ఉంటుంది. మోటారు పలక చదవకుండా కొనకూడదు. దీవుల్లో కరెంటు ఎక్కువగా డీజిల్ జనరేటర్ల మీదే వస్తుంది. సరఫరా పోయినప్పుడు గోదాము సొంత జనరేటరు మీద నడపాలంటే, మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలు కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుందని గుర్తుంచుకోవాలి. జనరేటరు దానికి తట్టుకోవాలి, లేదా మెల్లగా లేపే స్టార్టరు పెట్టించాలి.

రెండోది ఉప్పుగాలి. స్విచ్చుల పెట్టె తెరిచి చూడండి. రాగి తీగల కొసలు పచ్చగా పూసి ఉంటే ఆ ప్యానెల్ ఎక్కువకాలం ఉండదు. నీరు, దుమ్ము చొరబడని పెట్టెలో కొత్త ప్యానెల్ వేయించే ఖర్చు బేరంలోనే కలుపుకోండి. యంత్రాన్ని గోదాము వెనక వసారాలో పెట్టకుండా, జల్లు తగలని నడిమధ్యలో, చపటా ఎత్తు చేసి, బోల్టులతో బిగించాలి. యంత్రం తడవకపోవడమే కాదు, అట్ట తడవకపోవడం కూడా దీనిలోనే ఉంది. పెట్టె ఖాళీ అయిన పూటే ప్రెస్‌లో పడితే వానకు దొరకదు.

మూడోది ఎత్తు. 20 అడుగుల కంటైనరు తలుపు ఎత్తు దాదాపు 2.28 మీటర్లు. నిలువు ప్రెస్‌లు చాలావరకు దానికంటే పొడవుంటాయి. పడుకోబెట్టి తేవాలంటే నూనె పూర్తిగా తీసి, గొట్టాల మూతులు బిరడాలతో బిగించాలి. లేకపోతే విడి సరుకుగా ఓడలో పంపాలి. మీ గోదాము షట్టరు ఎత్తు, పైకప్పు దూలం ఎత్తు కూడా టేపు పెట్టి కొలిచి రాసుకోండి. రేవు దాటి ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోయిన యంత్రం కంటే బాధాకరం మరొకటి లేదు.

నాలుగోది విడిభాగాలు. విశాఖలో సీలు పోతే సాయంత్రానికి దొరుకుతుంది. దీవిలో ఓడ రావాలి, లేదా విమానంలో తెప్పించాలి. ఈలోగా పెట్టెలు ఆగవు. అందుకే సీళ్ల సెట్టు రెండు, హైడ్రాలిక్ గొట్టాలు, లిమిట్ స్విచ్చులు, కాంటాక్టర్లు, ఫిల్టరు, ఆరునెలల తీగ యంత్రంతోపాటే ఓడెక్కాలి. బజారులో దొరికే కొలతల సీళ్లు, పంపు ఉన్న సాదా యంత్రం, పేరున్న విదేశీ యంత్రం కంటే దీవికి మేలు. కంప్యూటరు కార్డు మీద నడిచేదానికంటే మన ఎలక్ట్రీషియన్ విప్పి బాగుచేయగల రిలేల ప్యానెల్ ఇక్కడ నమ్మకమైనది.

కాబట్టి పోల్చుకోవాల్సింది అమ్మేవారు చెప్పిన ధరలను కాదు. యంత్రం, మరమ్మతు, లారీ, ఓడ కిరాయి, క్రేను, చపటా, వైరింగు, విడిభాగాలు కలిపి, గోదాములో మొదటి బేలు దించేనాటికి ఎంతవుతుందో ఆ మొత్తాలను పోల్చాలి. అప్పుడు ధరలో చవకైనది ఖరీదైనదిగా తేలడం తరచూ జరుగుతుంది.

మనిషి చెయ్యి పడే చోటు

టన్నుల బరువుతో దిగే ప్లేటుకు అట్టకూ చేతికీ తేడా తెలియదు. మంచి ప్రెస్‌కు కాపు ఉంటుంది. పై గేటు తెరిస్తే ప్లేటు ఆగాలి, ఎర్ర బటన్ నొక్కితే ఆ క్షణమే ఆగాలి. పాత యంత్రాల్లో పని త్వరగా అవ్వాలని గేటు స్విచ్చును తీగతో కట్టేయడం, టేపు చుట్టేయడం కనిపిస్తుంది. కొనేరోజున గేటు తెరిచి ఆగుతుందో లేదో మీ కళ్లతో చూడండి. ఆగకపోతే ఆ కాపు తిరిగి పనిచేసేదాకా డబ్బు ఇవ్వకండి.

అమెరికాలో 1996లో ఒక చట్టం తెచ్చారు. దాని ప్రకారం 16, 17 ఏళ్లవాళ్లు, భద్రతా ప్రమాణాలున్న ప్రెస్‌లోనైతే అట్ట వేయవచ్చు గానీ, దాన్ని నడపకూడదు, బేలు దించకూడదు. మన దగ్గర 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కూడా ప్రమాదకర యంత్రాలకు కాపు ఉండాలని, తగిన శిక్షణ లేని యువకులను వాటి దగ్గర పనికి పెట్టకూడదని చెప్పింది. సెలవుల్లో గోదాముకొచ్చే పిల్లల చేతికి ఈ బటన్ ఇవ్వకూడదు. ఇద్దరికి నేర్పండి, తాళం ఆ ఇద్దరి దగ్గరే ఉంచండి. లోపల ఇరుక్కున్న అట్ట తీసేముందు మెయిన్ ఆపి తాళం వేయాలన్న మాట తెలుగులో, హిందీలో, బెంగాలీలో, తమిళంలో రాసి యంత్రం మీదే అతికించండి. దీవి గోదాములో ఈ నాలుగు భాషలూ వినిపిస్తాయి.

బజారంతటికీ ఒక్కటి

ప్రతి కొట్టుకూ ప్రెస్ అక్కర్లేదు. రోజుకు పదీ ఇరవై పెట్టెలు ఖాళీ చేసే దుకాణాలు పది కలిస్తే ఒక యంత్రానికి పని దొరుకుతుంది. ఒక గోదాముదారు జాగా ఇవ్వవచ్చు, వర్తకులు తలా కొంత వేసుకోవచ్చు, వచ్చిన డబ్బు తూకం ప్రకారం పంచుకోవచ్చు. ఈ ఏర్పాటులో కబాడీవాలాను పక్కకు నెట్టకూడదు. పెట్టె మీది టేపు చూడగానే ఏ అట్ట మిల్లుకు పనికొస్తుందో, ఏది పనికిరాదో చెప్పగలిగిన అనుభవం ఆయనది. వీధి వీధి తిరిగి సేకరించే పని ఆయనకే అప్పగించి, ప్రెస్ దగ్గర తూచి డబ్బిస్తే, ఆయన బతుకూ నిలుస్తుంది, యంత్రమూ ఆకలితో ఉండదు.

అండమాన్ నికోబార్‌లో 836 దీవులు. 2011 లెక్కల ప్రకారం మనుషులున్నవి 31. మిగతావన్నీ అడవి, పగడాల దిబ్బ, నీలి నీరు. చెత్త వేయడానికి ఇంకో ఊరు, ఇంకో పొలిమేర ఇక్కడ లేదు. యార్డు నిండితే తర్వాత మిగిలేది అడవో, సముద్రమో. మన ముత్తాతలు బతుకు వెతుక్కుంటూ ఓడెక్కి ఈ నేలకొచ్చారు. ఈ నేల వాళ్లను కాదనలేదు. ఆ రుణం పెద్ద మాటలతో తీరదు. ఈ రాత్రి వాన పడకముందే గోదాములో పెట్టె విప్పి, టేపు పీకి, ప్రెస్‌లో వేస్తే కొంత తీరుతుంది.

కొనేముందు జేబులో ఉండాల్సిన చీటీ

• మిల్లు రాసిచ్చిన బేలు కొలత, బరువు, చెమ్మ పరిమితి.
• వారం తూకం: రోజుకు ఎన్ని కిలోల అట్ట.
• జెట్టీ మీద, గోదాములో ఎత్తగలిగే బరువు.
• సిలిండరు కొలత, గేజి వత్తిడి, ప్లేటు కొలత. నిజమైన టన్నుల లెక్క.
• కడ్డీ మీద గీతలు, నూనె రంగు, వెల్డింగు పగుళ్లు, అడుగు రేకు మందం.
• పూర్తి వత్తిడి పరీక్ష, అరగంట సుద్దగీత పరీక్ష, ఒక పూర్తి బేలు.
• మోటారు వోల్టులు, హెర్ట్జ్, హార్స్‌పవరు, జనరేటరు సామర్థ్యం.
• యంత్రం ఎత్తు, బరువు. కంటైనరు తలుపు, షట్టరు ఎత్తు.
• గేటు తెరిస్తే ఆగుతుందా? ఎర్ర బటన్ పనిచేస్తుందా?
• వెంట రావాల్సిన విడిభాగాల జాబితా, సర్క్యూట్ బొమ్మ.
• మొదటి బేలు దించేదాకా మొత్తం ఖర్చు.